లెన్సు కొనేముందు ఎక్కడ నిలబడతారో చెప్పండి

వారానికి ఒకరైనా ఫోను చేస్తారు. "ఆంటీ, పెళ్లిళ్లకి ఏ కెమెరా కొనమంటారు?" అని. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చి, ఉద్యోగాల్లో కుదురుకుని, శనాదివారాలు ఫొటోలు తీద్దామనుకునే పిల్లలు. నేను తిరిగి ఒకటే అడుగుతాను. "నాయనా, పెళ్లిలో నువ్వెక్కడ నిలబడతావు?" మళ్లీ కెమెరా పేరే అడుగుతారు. ఆంటీకి చెముడు వచ్చిందనుకుంటారు కాబోలు.

అందుకని రాసి పెడుతున్నాను. నేను చదివింది ఐదో తరగతి, అదీ సగంలో మానేశాను. రాతలో తప్పులుంటే దిద్దుకుని చదవండి. పని విషయంలో మాత్రం నన్ను దిద్దకండి. రేపల్లెలో పన్నెండేళ్లు, ఇక్కడ కీవీల దేశంలో, పాపకూర అనే ఊళ్లో పంతొమ్మిదేళ్లు ఈ పనే చేశాను. పోయిన చలికాలం మణికట్టు ఇక వల్లకాదంది. మానేశాను.

మాస్టారు

రేపల్లె స్టూడియోలో నేను చేరింది ఫొటోలు కడగడానికి. చీకటిగదిలో తొట్టి ముందు నిలబడి, కాగితం మీద మొహాలు ఒక్కొక్కటే తేలుతుంటే చూస్తూ ఉండేదాన్ని. కళ్లు ముందు వస్తాయి, తర్వాత జుట్టు, చివరికి బుగ్గలు. యజమానిని ఊరంతా మాస్టారు అనే పిలిచేది. ఆయన ఎవరికీ పాఠం చెప్పింది లేదు, తిట్టింది మాత్రం చాలా ఉంది.

ఒకరోజు ఆయన బాపట్ల వెళ్లారు. పెళ్లిచూపుల ఫొటో కావాలని ఒకావిడ కూతురిని తీసుకొచ్చింది. మాస్టారు లేరని చెప్పి పంపేయాల్సింది. నాకు బుద్ధి పుట్టి, గ్రూపు ఫొటోలు తీసే పొట్టి లెన్సుతోనే పిల్ల మొహం మీదికి వెళ్లి తీశాను. ఆయన వచ్చి ఆ ఫొటోను వెలుతురుకు పట్టుకుని చూశారు.

"ఈ అమ్మాయి ముక్కు వంకాయంత ఉందా?"

"లేదండీ. చక్కని ముక్కేనండీ. ఎందుకో అలా పడింది."

"ముక్కు పడిందా, నువ్వు మీదపడ్డావా? ఆ పిల్లతో మాట్లాడాలంటే ఎంత దూరంలో నిలబడతావు? మొహానికి మొహం ఆనిస్తావా?"

"లేదండీ. బారెడు దూరం."

"అక్కడ నిలబడి తియ్యి. మనిషి మనిషిలా కనపడేది ఆ దూరం నుంచే. ఆ దూరానికి ఏ లెన్సు సరిపోతుందో అది తగిలించు. లెన్సు తగిలించుకుని తర్వాత జాగా వెతుక్కోకు."

పోర్ట్రెయిట్ లెన్సు గురించి మీరు గంటలు గంటలు వీడియోలు చూస్తున్నారు గానీ, సంగతి ఇంతే. ఎనభై ఐదు అనే లెన్సును అందరూ ఎందుకు మెచ్చుకుంటారు? మాట్లాడుకునే దూరంలో నిలబడితే అది తలనూ భుజాలనూ సరిగ్గా ఇముడ్చుకుంటుంది. ముక్కు ఉబ్బదు, చెవులు వెనక్కి పోవు. అందులో వెలుతురు ఎక్కువ రానిచ్చే ఒకటి పాయింటు నాలుగు రకం ఉంది, కాస్త తక్కువ రానిచ్చే ఒకటి పాయింటు ఎనిమిది రకం ఉంది. మొదటిది బరువు, ఖరీదు. రెండోది చాలు. మొదటిదాన్ని పూర్తిగా తెరిచి తీస్తే ఒక కన్ను తేటగా వచ్చి రెండో కన్ను మసకేస్తుంది. ఇంటికి తీసుకెళ్లిన వాళ్లు మసక కన్నునే చూస్తారు.

బ్రయన్

నా కూతురు ఇక్కడ నర్సు. కాన్పుకు సాయంగా వచ్చి ఇక్కడే ఉండిపోయాను. చర్చిలో మనవాళ్లు ఎక్కువమంది నర్సులు, వృద్ధాశ్రమాల్లో కేర్ పని చేసేవాళ్లు. ఒకళ్లు బిడ్డ మొదటి పుట్టినరోజుకు తీయమన్నారు, ఇంకొకళ్లు బాప్తిస్మానికి. చేతిలో సరైన కెమెరా లేదు. పాత కెమెరాలు అమ్మే బ్రయన్ అనే పెద్దాయన ఉన్నాడని తెలిసి వెళ్లాను. నాకు వచ్చిన ఇంగ్లీషు ఇరవై ముక్కలు. ఆయన ఓపిక అంతకంటే ఎక్కువ.

షాపులో అన్నిటికంటే పెద్ద కెమెరా బాడీ చూపించి అది కావాలన్నాను. దానికి పెద్ద లెన్సు బిగించి నా మెడలో వేశాడు.

"బయట కార్ పార్క్ చుట్టూ అరగంట తిరిగి రండి. అప్పుడూ కావాలంటే అమ్ముతాను" అన్నాడు.

పదిహేను నిమిషాలకే తిరిగొచ్చాను. "నో" అన్నాను, మెడ రుద్దుకుంటూ. ఆయన పడీపడీ నవ్వి, చిన్న బాడీ తీసి ఇచ్చాడు. "మీ చిటికెన వేలు ఎక్కడుంది చూడండి. గాల్లో వేలాడుతుంటే ఆ బాడీ మీది కాదు."

మీరూ అలాగే చూడండి. చిటికెన వేలికి ఆధారం ఉందా? మెమరీ కార్డులు రెండు పడతాయా? ఒక కార్డు చెడితే రెండోది పెళ్లిని కాపాడుతుంది. చప్పుడు లేకుండా తీస్తుందా? ప్రార్థన జరుగుతుంటే టకటకమనే కెమెరా పాస్టర్ గారికి పంటికింద రాయి. చీకటి హాల్లో కంటి మీద ఫోకస్ పట్టుకుంటుందా? ఈ నాలుగూ ఉంటే పాతదైనా పర్వాలేదు. మెగాపిక్సెళ్లు ఎన్నని నన్నడగకండి. మనం కొండల మీద బొమ్మలు వేయడం లేదు.

పాత లెన్సు కొంటే లోపలికి టార్చి వేసి చూడండి. ఈ ఊళ్లో ఇళ్లు చెమ్మ. గాజు లోపల సాలెగూడులా బూజు పడుతుంది. నా లెన్సులు బియ్యం పోసుకునే మూత గట్టి డబ్బాలో ఉండేవి, చెప్పుల పెట్టెల్లో వచ్చే చెమ్మ పీల్చే పొట్లాలతో సహా. కూతురు నవ్వేది. నవ్వనీ. పంతొమ్మిదేళ్లలో ఒక్క లెన్సుకు బూజు పట్టలేదు.

శనివారాలు బ్రయన్ పెళ్లిళ్లకు ఫొటోలు తీసేవాడు. నన్ను తోడు తీసుకెళ్లాడు. దూరం లెన్సు పట్టుకోవడం అక్కడే నేర్చుకున్నాను. డెబ్బై నుంచి రెండువందల దాకా లాగే జూమ్ అది. కీవీ పెళ్లిలో, అంటే ఈ దేశపు తెల్లవాళ్ల పెళ్లిలో, ఎవరూ కదలరు. వరుసలుగా కూర్చుంటారు, మాట్లాడరు. మనం వెనక గోడకు ఆనుకుని నిలబడితే, పెళ్లికూతురి కంట్లో నీరు తిరగడం కూడా ఆ లెన్సులోంచి కనపడుతుంది. మనం ఉన్నామని ఆమెకు తెలియదు. నాకు ఆ లెన్సు మీద మోజు పుట్టింది. మోజు అనే అంటాను, ప్రేమ అనను. ప్రేమకు కళ్లు పోతాయంటారు గానీ, మోజుకు బుద్ధి కూడా పోతుంది.

"ఇంకో బాడీ కొనుక్కోండి. దీనికి పెద్దది, దానికి ఎనభై ఐదు తగిలించి రెండూ భుజాన వేసుకోండి" అని బ్రయన్ ఎన్నిసార్లు చెప్పాడో. నేను వినలేదు. ఉన్నది పనిచేస్తుంటే రెండోది దండగ అనుకున్నాను. పొదుపు మంచిదే. ఏ వస్తువు దగ్గర పొదుపు చేయకూడదో తెలియకపోతే మాత్రం అది పొదుపు కాదు, పిసినారితనం.

సలోమి పెళ్లి

సలోమి టకానిని అనే పక్క పేటలో ఒక వృద్ధాశ్రమంలో పని చేసేది. తండ్రి లేడు. తల్లి, తమ్ముడు బాపట్ల దగ్గర పల్లెలో ఉంటారు. పెళ్లికి తల్లికి వీసా రాలేదు. అది చాలదన్నట్టు, షుగరు వల్ల ఆమెకు ఒక కన్ను పోయింది, రెండోదీ తగ్గుతోంది. ఫోనులో బొమ్మ ఆమెకు వెలుగు మరకలా కనపడుతుందట. కాగితం మీద ఫొటోనైతే ఎండలోకి పట్టుకుని, కంటికి దగ్గరగా తెచ్చుకుని చూడగలదు.

మాట్లాడుకోవడానికి మా ఇంటికి వచ్చినప్పుడు సలోమి నన్ను ఏ ఆల్బమూ అడగలేదు.

"ఆంటీ, నాకు ఒక్క ఫొటో కావాలి. తాళి కట్టేటప్పుడు నా మొహం. పెద్దది చేయించి పంపమంది అమ్మ. చూపు ఉండగానే చూసుకుంటాదంట."

"అది నా పూచీ" అన్నాను. నోటికి ఎంత తేలిక!

పెళ్లికొడుకు ప్రవీణ్ కూడా చదువుకోవడానికి వచ్చినవాడే, గోడౌనులో పని. ఇద్దరి వైపూ కన్నవాళ్లు రాలేకపోయారు గానీ చర్చి చర్చంతా వచ్చింది. తెల్ల పట్టుచీరలో ఆ పిల్ల నడిచి వస్తుంటే చామనఛాయ మొహం దీపంలా ఉంది. ఇక్కడొక మాట చెప్పాలి. తెల్లచీరను చూసి కెమెరా వెలుతురు తగ్గించేస్తుంది, మొహం నల్లబడుతుంది. వెలుతురును మొహానికి కొలవండి, చీరకు కాదు. అంతేగానీ తర్వాత కంప్యూటర్లో మొహానికి సున్నం వేయకండి. అలా అడిగిన వాళ్లను నేను ఇంటికి పంపేశాను.

ఆ రోజు నేను వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను, దూరం లెన్సుతో. ఎనభై ఐదు కారు డిక్కీలో ఉంది. ఒకే బాడీ, రెండు లెన్సులు మోసి మార్చుకోవడమెందుకని. మొదటి అరగంటా దేవుడిచ్చిన అరగంట. పాటలు, వాక్యం, ప్రమాణాలు అన్నీ వెనక నుంచే చక్కగా పడ్డాయి. పాస్టర్ గారు సిలువ గుర్తున్న తాళిని చేతిలో పెట్టుకుని ప్రార్థన చేసి ప్రవీణ్‌కు అందించారు.

అంతే. హాలు హాలంతా లేచింది.

నాకు తెలియని సంగతా ఇది? మన పెళ్లిలో తాళి కడుతుంటే ఎవరు కూర్చుంటారు? అత్తలు, పిన్నులు, వరస కలిసినవాళ్లు, కలవనివాళ్లు అందరూ చుట్టూ మూగుతారు. అప్పుడు ముందుకెళ్లకపోతే పెళ్లికి రానట్టే. రేపల్లెలో వందసార్లు ఆ గుంపులో మోచేతులతో దారి చేసుకుని ముందు నిలబడ్డదాన్ని నేను. కీవీ పెళ్లిళ్ల గోడకు ఆనుకుని ఆనుకుని నా వాళ్లెవరో మరిచిపోయాను.

"కూర్చోండమ్మా! మేరీ, తప్పుకోవే!" అని అరిచాను, నాకు అడ్డం నిలబడ్డ చర్చి నేస్తం మీద. నా గొంతు కీబోర్డు మోతలో కలిసిపోయింది. పరిగెత్తాను. గుంపులో దూరాను గానీ ఆ లెన్సు దేనికీ పనికిరాలేదు. అంత దగ్గరివాటిని అది పట్టుకోదు. ఒకరి చెవి, ఒకరి జడలో ప్లాస్టిక్ మల్లెలు, పైకెత్తిన ఫోన్లు. గుంపు విడిపోయేసరికి తాళి మెడలో ఉంది.

వీపులు

ఇంటికొచ్చి చూస్తే ఆ నిమిషానికి పదకొండు ఫొటోలున్నాయి. పదకొండూ వీపులే.

అంతటితో ఒప్పుకున్నానా? లేదు. మర్నాటి నుంచి ఆంటీలందరి ఫోన్లూ అడుక్కున్నాను. ఫోనెత్తిన వాళ్లంతా తీశారు, మరి ఎవరికో ఒకరికి మొహం పడకపోతుందా అని. ఒకామె ఫోనులో ప్రవీణ్ మోచెయ్యి. ఒకామె ఫోనులో ఇంకొకామె ఫోను. మేరీ గొప్పగా తెరిచి చూపించింది, తెర నిండా ఆమె బొటనవేలే.

"బాగా పడిందా వదినా?"

"వేలు బాగా పడిందే మేరీ. గోరు కూడా తేటగా ఉంది."

నాలుగు రోజులు ఇలా గడిపాను. తప్పు చేయడం కంటే ఆ నాలుగు రోజులు దాచడం నాకు ఎక్కువ సిగ్గు. పిల్లలూ, ఫొటో తప్పితే ఆ రోజే చెప్పండి. ఆలస్యమయ్యేకొద్దీ వాళ్లు ఆశ పెంచుకుంటారు.

ఐదో రోజు మధ్యాహ్నం సలోమి వాళ్ల ఫ్లాట్‌కు వెళ్లాను. అక్కణ్నించి న్యూ లిన్ వెళ్లి ఒక పసిబిడ్డకు ఫొటోలు తీయాలి గనక కెమెరా సంచి భుజానే ఉంది. సలోమి డ్యూటీ దిగి, పడుకుని లేచి, తల కూడా దువ్వుకోలేదు. ప్రవీణ్ టీ పెట్టాడు. కప్పు ముట్టుకోకుండా చెప్పేశాను.

"సలోమీ, తాళి ఫొటో లేదు."

"ఎడిటింగ్ అవ్వలేదా ఆంటీ? పర్లేదు, మెల్లగా ఇవ్వండి."

"ఎడిటింగ్ కాదు. తీయలేకపోయాను. అందరూ అడ్డమొచ్చారు. రావడం వాళ్ల తప్పు కాదు. వస్తారని తెలిసీ వెనక నిలబడ్డది నేను."

ఆ పిల్ల కప్పు కింద పెట్టేసింది. గోడకు చేరబడి కాళ్లు ముడుచుకుని కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది.

ప్రవీణ్ అందుకున్నాడు. "దానికేముందాంటీ, మళ్లీ కడతా. చీర కట్టుకోమనండి, హాల్ అడుగుదాం. ఐదు నిమిషాల పని."

"తాళేమన్నా షూ లేసా," అంది సలోమి, "ఇప్పి మళ్లీ కట్టడానికి? ఆ మాట ఇంకోసారి అన్నావంటే చూడు. అమ్మకి నాటకం ఫొటో పంపను."

వాడు టీ గిన్నె కడగడానికి లేచాడు. ఆ ఉపాయం నాకూ వచ్చింది, దారిలో. చెప్పనందుకు బతికిపోయాను.

మాట్లాడుకునే దూరం

అంతలో ఫోను మోగింది. అక్కడ పొద్దున్నే టీ తాగాక తల్లి చేసే వేళ అది. సలోమి మొహం తుడుచుకుని స్పీకరు పెట్టింది.

"తిన్నావంటే?"

"తిన్నానమ్మా."

"ఏం తిన్నావే?"

"బ్రెడ్డు."

"బ్రెడ్డా! పెళ్లై వారం కాలా, మొగుడికి బ్రెడ్డు మేపుతన్నావా? ఆ పిల్లోడు నన్నేమనుకుంటాడు, నా పెంపకాన్ని ఏమనుకుంటాడు?"

"ఆయనే చేశాడమ్మా బ్రెడ్డు."

"ఇంకా బాగుంది! నువ్వు మంచం మీద కూర్చుంటే ఆయన చేసి పెట్టాడా? మహారాణివి గదా!"

సలోమి నవ్వింది. ఏడుపు ఇంకా కళ్లలోనే ఉంది, పైన నవ్వు వచ్చింది. ఒక చెయ్యి ఫోను మీద, రెండో చెయ్యి తెలియకుండానే తాళిని వేలికి చుట్టుకుంటోంది. కిటికీలోంచి మబ్బు వెలుతురు ఒక బుగ్గ మీద పడుతోంది. నేను సంచి తెరిచి ఎనభై ఐదు తగిలించాను. తీయనా అని కళ్లతో అడిగాను. తలూపి, మళ్లీ తల్లి మాటల్లో పడిపోయింది. ఎక్కడ నిలబడాలో వెతుక్కోలేదు. కూర్చున్నచోటే మాట్లాడుకునే దూరం. చప్పుడు లేకుండా నాలుగు తీశాను. వెనక ఆరేసిన యూనిఫారాలు నీలం పొగలా కరిగిపోయాయి. కళ్లు మాత్రం తేటగా నిలిచాయి.

"ఫొటో వచ్చిందంటే?" అంది తల్లి.

సలోమి నా వంక చూసింది. ఫోను నేనే తీసుకున్నాను.

"అమ్మా, ఫొటోలు తీసినదాన్ని. మీరడిగిన ఫొటో నేను తీయలేకపోయాను. తాళి కట్టేటప్పుడు అందరూ పిల్ల చుట్టూ మూగారు. నాకు వీపులే దొరికాయి. తప్పు నాది."

అటువైపు టీ గ్లాసు అరుగు మీద పెట్టిన చప్పుడు వినపడింది.

"ఎంతమంది మూగారేంది?" అంది.

"నలభై మంది ఉంటారమ్మా."

"నలభై మందా!" అంది. "నేను లేను, వాళ్ల నాయన లేడు, ఆ దేశంలో నా పిల్ల ఒక్కతే నిలబడుద్ది గదా అని ఆ పూటంతా మెతుకు ముట్టలా నేను. నలభై మంది నిలబడ్డారా! ఆ వీపుల ఫొటో పంపించండమ్మా. అది కూడా పంపించండి."

రెండూ అచ్చు వేయించాను. మెరిసే కాగితం వద్దన్నాను, ఎండలో మెరిస్తే ఆమె కంటికి ఆనదు. నునుపు లేని కాగితం మీద, గోడ క్యాలెండరంత సైజులో. ఊరికి వెళ్తున్న నర్సు ఒకామె చీరల మడతల మధ్య పెట్టుకుని తీసుకెళ్లింది.

అవి చేరిన ఆదివారం సలోమి మా ఇంటికి వచ్చింది, ఇద్దరం కలిసి చూద్దామని. అక్కడ తమ్ముడు వీడియో కాల్ పెట్టి ఫోను పట్టుకున్నాడు. ఎండ పడే అరుగు మీద తల్లి కూర్చుని ఉంది. ముందు వీపుల ఫొటో ఒళ్లో పెట్టుకుని, వేలితో ఒక్కొక్క వీపునూ తాకుతూ లెక్కపెట్టింది. లెక్క తప్పి మళ్లీ మొదలుపెట్టింది.

తర్వాత రెండోది తీసి కంటికి దగ్గరగా తెచ్చుకుంది. అలాగే చాలాసేపు ఉంది. తెర మీద మాకు ఫొటో వెనక తెల్లకాగితమే కనపడుతోంది, ఆమె మొహం కనపడటం లేదు.

"పెళ్లి నాటిది కాదుగా ఇది," అంది కాగితం వెనక నుంచి. "ఎవరితో మాట్లాడుతున్నావే, ఇంత ఇదిగా నవ్వుతా?"

"నీతోనేనే అమ్మా" అంది సలోమి.